సాగనంపిన గంప

మా అత్త చెంగమ్మకు కోళ్ళంటే ప్రాణమని మా ఊరు కండ్రిగలో అందరూ అనేవాళ్ళు. నేను ఒప్పుకోను. ఆమెతో ఒకే పొయ్యి దగ్గర ఇన్నేళ్ళు వేగిన కోడలిని, నాకు తెలియదా. కోళ్ళను ఆమె తిట్టేది, వడ్ల మీదికి వస్తే రాయి విసిరేది, పండగొస్తే కోసి పులుసు పెట్టేది. ఆమె ప్రాణమంతా చెల్లెలు దేవకమ్మ మీద ఉండేది. ఆ చెల్లెలిని మాత్రం జన్మలో పల్లెత్తు మాట అనలేదు. నన్ను అనడానికి మాత్రం ఆమెకు పొద్దు చాలేది కాదు.

దేవకమ్మను నేను చిన్నత్త అని పిలిచేదాన్ని. ఆమెది చింతమిట్ట. మా కండ్రిగకూ చింతమిట్టకూ నడుమ ఒక వంక ఉంది, వానాకాలంలో తప్ప నీళ్ళుండవు. వంక గట్టున పొలిమేర రాయి. ఆ రాయి దాటి అవతలి గట్టు ఎక్కితే మొదటి ఇల్లు చిన్నత్తదే. మా అత్త మా పెరట్లో నిలబడి గట్టిగా కేక పెడితే చిన్నత్త ఇంట్లో కుక్క మొరిగేది.

చిన్నత్తకు పిల్లలు లేరు. మొగుడు పోయి చాలా కాలమైంది. ఆయన పోయిన మరుసటేడే చెరుకు బండి బోల్తాపడి ఆమె కాలు విరిగింది. పుత్తూరు కట్టు కట్టించినా ఆలస్యం కావడంతో ఎముక సరిగా అతకలేదు. అప్పటినుంచి ఆ కాలు ఈడుస్తూ నడిచేది. చెనిక్కాయలు పెరకడానికి వంగలేదు, నాట్లు వేయడానికి నిలబడలేదు. కూలికి ఎవరూ పిలవరు. అందుకని కోళ్ళు పట్టుకుంది. పట్టుకుంది అంటే మామూలుగా కాదు. ఏ పెట్ట ఎప్పుడు పొదుగుకు వస్తుందో, ఏది గుడ్డు ఎక్కడ దాస్తుందో, ఏ పిల్లను గద్ద ఎత్తుకుపోయిందో అన్నీ నోటి మీద చెప్పేది. సైకిలు మీద గుడ్ల వ్యాపారి వచ్చి ఆమె ఇంటి ముందు ఆగితే ఆమె ముఖం చూడాలి, తాసీల్దారు వచ్చి ఆగినట్టు కొంగు సర్దుకునేది.

ఆమె మరిది సుందరరాజు తిరుపతిలో, అలిపిరి పోయే రోడ్డులో భోజనాల హోటలు నడిపేవాడు. ఏటా ఒకసారి వచ్చి, ఒంటరిగా ఎందుకు వదినా, మా ఇంట్లో ఒక మనిషివై ఉండు అని పిలిచి పోయేవాడు. ఆ ఒక మనిషి అన్న మాటకు అర్థం రుబ్బురోలు. కొండకు వచ్చే జనానికి ఇడ్లీపిండి రుబ్బే మనిషి ఎక్కడా నిలవక పారిపోతుంటే, జీతం అడగని మనిషి కోసం చూస్తున్నాడని మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. చిన్నత్త నవ్వి, ఆయనకు ఒక కోడిపుంజును ఇచ్చి పంపేసేది. నా కోళ్ళు ఉన్నన్నాళ్ళు ఒకరి ఇంట్లో మెతుకు కోసం కూర్చోను అని మా అత్తతో అనేది. మా అత్త ఆ మాట నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్క లేదు.

శ్రీహరికోట రాకెట్టు సముద్రంలో పడిందని రేడియోలో చెప్పిన మరుసటేడు, మాఘం వెళ్ళి ఎండలు ముదురుతున్న రోజుల్లో మా కండ్రిగలో కోళ్ళు కునకడం మొదలుపెట్టాయి. పొద్దున్నే గంప ఎత్తితే బయటికి ఉరకాల్సిన కోడి కదలకుండా రెక్కలు వేలాడేసుకుని నిలబడేది. నోరు తెరిచి గురగురమని ఊపిరి తీసేది. పచ్చగా, తెల్లగా రెట్ట. మర్నాటికి మెడ వెనక్కి మెలితిరిగిపోయేది. చూడలేకపోయేవాళ్ళం. కొక్కెర తెగులు అని మగవాళ్ళు అన్నారు. కోళ్ళ మీదికి అమ్మ వచ్చింది అని ఆడవాళ్ళు అన్నారు. ఎవరేమన్నా కోళ్ళు మాత్రం ఆగకుండా చచ్చిపోయాయి.

మా ఊరి జనం తెలివి గురించి కూడా చెప్పాలి. కొందరు కునికే కోడిని ప్రాణం ఉండగానే కోసి కూర వండుకున్నారు. ఈకలూ పేగులూ తీసుకుపోయి వంకలో పారేశారు. కొందరు మిగిలిన కోళ్ళు బతుకుతాయని గంపలకెత్తి చుట్టాల ఊళ్ళకు బస్సులో పంపారు. ఆ చుట్టాలు ఇప్పటికీ వాళ్ళను తిట్టుకుంటూ ఉంటారు. మా అత్త అలాంటివేమీ చేయలేదు. వేపాకు నూరి మింగించింది, పసుపు నీళ్ళు చల్లింది. ఆ వారం దాటేసరికి మా పెరట్లో ఒక్క కోడీ లేదు. తెల్లారితే కూసే పుంజు లేక మా మామ తిరుమలయ్య పొద్దెక్కేదాకా పడుకుని, లేచి, మమ్మల్ని కసిరాడు.

అప్పుడు ఊరి పెద్ద పరంధామయ్య గంప సాగనంపాలని తీర్మానించాడు. మా వైపు అది పాత ఆచారం. ఊరి మీదికి వచ్చిన అమ్మను కోపం రాకుండా మర్యాదగా పొలిమేర దాటించాలి. కొత్త గంపలో వేపమండలు పరిచి, ఇంటికొక పిడికెడు పసుపు కలిపిన బియ్యం పోసి, తెగులు తగిలిన కోడిని ఒకదాన్ని ప్రాణంతోనే అందులో కూర్చోబెట్టి, తప్పెట కొట్టుకుంటూ తీసుకుపోయి పొలిమేర రాయికి అవతల దించి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేయాలి. అవతలి ఊరివాళ్ళు దాన్ని చూసుకుని, వాళ్ళూ పసుపు నీళ్ళు చల్లి, వాళ్ళ పొలిమేర దాటించాలి. అలా అమ్మ ఊరూరా సాగిపోతుంది. ఇంకో కట్టడి కూడా ఉంది. గంప పోయిన మంగళవారం నుంచి మళ్ళీ మంగళవారం దాకా ఊళ్ళోవాళ్ళెవరూ పొలిమేర దాటకూడదు, బయటివాళ్ళు రాకూడదు. దాటితే పోయిన అమ్మ వాళ్ళ వెంట తిరిగొస్తుందని పెద్దల మాట. దాటినవాళ్ళు అమ్మ గుడిలో తప్పు కట్టాలి.

రాయికి అవతల అంటే చిన్నత్త ఇంటి ముందర. ఆమె కోళ్ళు మేసేది ఆ వంకలోనే. గంప మాట వినగానే మా అత్త చేటను చేతిలోనే పట్టుకుని పరంధామయ్య ఇంటికి పోయింది. వెనకే నేనూ పోయాను. ఈసారి గంపను వంక వైపు కాకుండా కొండ వైపు దించమని ఆమె అడిగింది. కొండ వైపు ఊరు లేదు, అమ్మను అడివిలో దించితే ఆకలికి మళ్ళీ మన ఊరికే వస్తుందని ఆయన అన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. తాతల నాటి నుంచి ఆ దారే, ఆయన మార్చలేడు. మా అత్త చాలాసేపు అడిగింది, చివరికి బతిమాలింది. ఆమె ఒకరిని బతిమాలడం నేను అదే మొదటిసారి చూడటం. నాకు ఏడుపొచ్చింది.

"నీ చెల్లెలి కోసరం ఊరిని చంపమంటావా చెంగమ్మా" అన్నాడాయన.

 ఆ సాయంత్రం పొద్దుగూకే వేళకు మా ఊరి ఎల్లప్ప గంప నెత్తిన పెట్టుకుని ముందు నడిచాడు. గంపలో ఉన్నది ఎల్లప్ప వాళ్ళ గోధుమ రంగు పెట్టే. మెడ తిప్పుకుంటూ గురగురమంటూ ఉంది. ఊరంతా వెంట పోయింది. మా అత్త కూడా అందరితో పాటు పోయి, అందరితో పాటు వెనక్కి చూడకుండా వచ్చేసింది. ఆ రాత్రి ఆమె సంగటి ముట్టలేదు.

మర్నాడు తెల్లవారుతుండగా నేను పేడకళ్ళు తీయడానికి పోతే, మా అత్త కోళ్ళగూటి ముందు కూర్చుని నేల మీది నూకలు చేటలోకి ఊడ్చుకుంటూ ఉంది. కోళ్ళ కోసం పోసిన నూకలు. తినేవాళ్ళు లేక అక్కడక్కడ కుప్పగా ఉండిపోయాయి. ఆమె వాటిని చెరిగి, రాళ్ళు ఏరి, కొంగున ముడివేసుకుంది. ఎందుకత్తా అంటే, మన కోళ్ళు పోయినాయని గింజలు పారేస్తామా అంది. ఆ ఇంట్లో గింజ పారేయడం ఎవరికీ తెలియదు. మామ కంచంలో మిగిలిన మెతుకు కూడా కుడితిలోకి పోవాల్సిందే. నేను సరే అనుకున్నాను. ఎక్కడికి పోతున్నావని అడిగితే చేని కాడికని చెప్పింది. చేతిలో చిన్న పార ఉంది కాబట్టి నమ్మినట్టు ఊరుకున్నాను. నిజానికి ఆ చేను బీడు పెట్టి రెండేళ్ళయింది.

తర్వాత జరిగింది ఆమె నాకు వారం తర్వాత చెప్పింది. వంక దగ్గరికి పోయింది. గంప రాయికి అవతలే ఉంది. కోడి ఇంకా చావలేదు. చింతమిట్టవాళ్ళు అప్పటికి అటు రాలేదు. ఆమె ఆ గంపను నెత్తికెత్తుకుని, అమ్మా నీకు దండం, నా చెల్లెలి జోలికి పోవద్దు అని మొక్కుకుంటూ, మైలు పైగా నడిచి కొండ కిందికి పోయింది. అక్కడ గుంట తవ్వి గంపతో సహా పూడ్చి, నక్కలు తవ్వకుండా రాళ్ళు పేర్చింది. దేవతను పూడ్చానని ఆమెకు భయమేసింది. నన్ను తిను, దాన్ని వదిలెయ్ అని మళ్ళీ మొక్కింది. కుంటలో చేతులూ కాళ్ళూ మట్టితో రుద్ది రుద్ది కడుక్కుంది. అంతా అయ్యాక తిరిగి ఇంటికి రావాలి. కానీ చెల్లెలి ఇల్లు దారిలోనే ఉంది. తెగులు మొదలయ్యాక చెల్లెలిని చూడలేదు. కోళ్ళను నాలుగు రోజులు బయటికి వదలొద్దని ఒక మాట చెప్పి పోదామనుకుంది.

చిన్నత్త వాకిట్లోనే ఉందట. అక్కను చూసి ఒక్క క్షణం కొయ్యబారిపోయిందట. ఎల్ల దాటి వచ్చిందే అని భయపడింది కాబోలు అని మా అత్త అనుకుంది. కాళ్ళకు నీళ్ళిచ్చి లోపలికి పిలిచింది. రాత్రి మిగిలిన సంగటి మజ్జిగలో పిసికి పెట్టింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ కాసేపు ఏవో మాట్లాడుకున్నారు. వచ్చేముందు మా అత్త కొంగు ముడి విప్పి నూకలన్నీ వాకిట్లో చల్లింది. చిన్నత్త కోళ్ళు నలుదిక్కుల నుంచీ ఉరికి వచ్చి ఒకదాన్నొకటి తోసుకుంటూ తిన్నాయట. కళ్ళనిండా చూసుకుని వచ్చినా అని మా అత్త చెప్పింది. పోయిన తన కోళ్ళన్నీ మళ్ళీ లేచి వచ్చినట్టు అనిపించిందట.

ఎవరి కంటా పడకుండా మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. గంప చింతమిట్టవాళ్ళకు కనబడలేదన్న మాట వంక అవతలి కేకలతో మా ఊరికి తెలిసింది. అమ్మ ఎవరూ మోయకుండానే తనంతట తాను పోయిందని, ఇంత సల్లగా ఎప్పుడూ పోలేదని పరంధామయ్య గుడిలో కొబ్బరికాయ కొట్టించాడు. మా అత్త ఆ టెంకాయ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టి నవ్వింది. ఆ వారమంతా ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. ఉప్పు ఎక్కువైందని మామ అరిస్తే, ఉప్పు తినకపోతే విశ్వాసం యాడుంటాది అని నా తరఫున మాట్లాడింది. ఆ వారం బాగా గడిచింది. 

మంగళవారం కట్టడి తీరింది. పొద్దున్నే చింతమిట్ట నుంచి ఒక ముసలాయన వంక దాటి వచ్చి, దేవకమ్మ కోళ్ళు తూగుతున్నాయని చెప్పాడు.

మా అత్త చేతిలోని బిందె కింద పెట్టకుండానే బయల్దేరింది. సగం దారిలో నేను ఆ బిందె లాక్కున్నాను. మేం పోయేసరికి చిన్నత్త వాకిట్లో గంపలు బోర్లించి ఉన్నాయి, ఒక్కొక్క గంప కిందా ఒక్కొక్కటి. గూటి పక్కన చచ్చినవాటి మీద గోనెసంచి కప్పి ఉంది. మా అత్త ఆ గోనె ఎత్తి చూసి మళ్ళీ కప్పింది. చిన్నత్త విరిగిన కాలు చాపుకుని, ఒళ్ళో ఒక పెట్టను పెట్టుకుని, దాని నోట్లో వేలితో నీళ్ళచుక్క వేస్తూ ఉంది. ఆ పెట్ట మెడ అప్పటికే మెలిపడింది.

పశువుల ఆస్పత్రి కాంపౌండరు జయరావు అప్పుడే వచ్చాడు. భుజాన సంచీ, సంచీలో ఫ్లాస్కు, ఫ్లాస్కులో ఐసు నడుమ కోళ్ళ టీకా మందు. ఆ మందు చల్లగా లేకపోతే పనిచేయదట. కరెంటు కోతతో ఐసు దొరక్క ఇన్నాళ్ళూ మందు తేలేకపోయానని ఆయన తనకు తానే చెప్పుకున్నాడు. తెగులు తగిలిన కోడికి వేసినా ప్రయోజనం లేదని, ఊళ్ళో మిగతా ఇళ్ళకు పోయి రెక్కల కింద సూదులు వేసి తిరిగొచ్చాడు. ఆ ఇళ్ళలో కోళ్ళు చాలావరకు దక్కాయి. ఒకవారం ముందు వేసుంటే ఇవీ దక్కేవి అని చిన్నత్త వాకిలి చూస్తూ అన్నాడు. ఆ మాట ఆయన అనకుండా ఉంటే బాగుండేది.

కండ్రిగ నుంచి ఎవరైనా కోడినిగానీ మేతగానీ తెచ్చారా అని ఆయన అడిగాడు. ఎవరూ రాలేదని చిన్నత్త చెప్పింది. ముఖంలో ఏ మార్పూ లేకుండా చెప్పింది. ఎల్ల దాటినందుకు తప్పు పడుతుందని అక్కను కాపాడుతోందని మా అత్త అనుకుంది. నేనూ అదే అనుకున్నాను.

జయరావు పోతూ పోతూ మా అత్తకు జాగ్రత్తలు చెప్పాడు. కండ్రిగవాళ్ళు అని తెలిసి చెప్పాడంతే. జబ్బు కోడి రెట్టలో ఉంటుంది ఆ పురుగు, కంటికి కనబడదు, కాళ్ళకంటుకుని వస్తుంది, చేటకంటుకుని వస్తుంది, కోళ్ళు తినగా మిగిలిన మేతలో ఉంటుంది. ఆ మేత కాల్చేయండి, గూటికి సున్నం కొట్టండి, కొన్ని నెలల దాకా కొత్త కోడిని ఆ వాకిట్లో అడుగు పెట్టనీయకండి అన్నాడు. మా అత్త తల ఊపుతూ వింది. మిగిలిన మేత అన్న మాట దగ్గర ఆమె తల ఊపడం ఆగిపోయింది. నేను పక్కనే ఉన్నాను. ఆమె చేయి తనకు తెలియకుండానే కొంగు చివర పట్టుకుంది. నాకు ఒక్కసారిగా ఆ తెల్లవారుజాము, చేట, నూకలు గుర్తొచ్చాయి.

 తిరిగి వస్తూ వంకలోకి దిగాక ఆమె ఇసుకలో చతికిలబడి అంతా చెప్పింది, గంప మోసింది, గుంట తవ్వింది, అంతా. అమ్మ గంపలో ఉండాదనుకున్నా మే, కొంగులో ఉండాదని ఎట్ల తెలుస్తాది అని ఏడ్చింది. నేను ఏం ఓదార్చను? గంపను దించినచోటే వదిలేసి ఉంటే కోళ్ళు ఎలాగూ పోయేవేమో అన్నాను. అప్పుడు పోతే అమ్మ తీసుకుపోయింది అనుకుందును, ఇప్పుడు నేను తీసుకుపోయి పెడితిని గదా అంది. 

చిన్నత్త కోళ్ళలో ఒక్కటీ మిగల్లేదు. అటుపక్క ఊళ్ళలో ఆడవాళ్ళంతా చిన్నత్త మీద జాలిపడి, పొదిగిన పిల్లలు ఇస్తామన్నారు. కొన్ని నెలల దాకా తేవద్దని జయరావు చెప్పిన మాట చిన్నత్త మీరలేదు. తెచ్చి చంపుకోవడం ఎందుకు అంది. ఆ నెలలన్నీ ఆమె ఏం తినాలి? కూలికి పోలేదు. గుడ్ల వ్యాపారి సైకిలు ఆమె ఇంటి ముందు ఆగకుండా పోసాగింది. మా ఇంటికి రమ్మని మా అత్త కాళ్ళావేళ్ళా పడింది. నేనూ మనస్ఫూర్తిగానే పిలిచాను, ఆమె ఉంటే నాకు తిట్లు సగం తగ్గేవి కూడా. మా మామ ఏమీ అనడు. కానీ బావ ఎదురుగా మూడు పూటలా కంచం పట్టుకుని కూర్చోలేనని చిన్నత్త ఒక్క మాటతో తేల్చేసింది.

సుందరరాజుకు కబురు ఎవరు చెప్పారో తెలియదు. తెల్ల చొక్కా వేసుకుని వచ్చి, ఖాళీ గూడు చూసి, అయ్యో వదినా అన్నాడు. ఈసారి ఇచ్చి పంపడానికి ఆమె దగ్గర పుంజు లేదు. వచ్చే శుక్రవారం వస్తానని చెప్పింది.

ఆ మధ్యలో మా అత్త రోజూ వంక దాటి పోయేది, చెప్పాలని. చెప్పకుండా తిరిగి వచ్చేది. అంతకన్నా ఘోరం ఏమిటంటే, చిన్నత్త చింతమిట్టలో అందరితోనూ అక్క మంచితనం చెప్పుకునేది. మా అక్క లాంటి మనిషి ఉండదు, నా కోసరం ఏమన్నా చేస్తాది అని. ఆ మాట విన్నప్పుడల్లా మా అత్త తల వంచుకునేది. మనిషి సగమైపోయింది. నన్ను తిట్టడం కూడా మానేసింది. తిడితే బాగుండునని నాకు అనిపించిందంటే ఎలా ఉండేదో అర్థం చేసుకోండి.

శుక్రవారం రోడ్డు మీదికి చిన్నత్తను సాగనంపడానికి ఇద్దరమూ పోయాం. రేకుపెట్టె నా నెత్తిన ఉంది. చిన్నత్త మెల్లగా కాలు ఈడుస్తూ నడుస్తుంటే మా అత్త ఆమె నడకకు తగ్గట్టు నడిచింది. తిరుపతి బస్సు రావడానికి ఇంకా సమయం ఉంది. పెట్టె కిందికి దించి దాని మీద చిన్నత్తను కూర్చోబెట్టాం. నేను కొంచెం దూరంగా నిలబడ్డాను. వాళ్ళ మాటలు వినబడేంత దూరమే అనుకోండి.

మా అత్త చెల్లెలి ముందు నేల మీద కూర్చుంది. ఆమె విరిగిన కాలు మీద చెయ్యి వేసింది.

"దేవకీ, నీ కోళ్ళను నేనే చంపినానే. ఆ పొద్దు నేను చల్లిన నూకలు మా కోళ్ళు తినంగా మిగిలినవి."

చిన్నత్త ఏడవలేదు. ఆశ్చర్యపోలేదు. మా అత్త తల మీద ఎగిరిన వెంట్రుకలను చేత్తో సర్దింది.

"నాకు తెలుసక్కా" అంది.

ఎప్పుడు తెలిసిందని మా అత్త అడిగింది. జయరావు మొన్న చెప్పినప్పుడా అంది.

"కాదు. అంతకు ముందే ఆయన ఒకసారి వచ్చి పోయినాడు. మందు తెచ్చేదాకా కండ్రిగవాళ్ళను వాకిట్లోకి రానియ్యొద్దు, ఆ ఊరి గింజ కూడా పడనియ్యొద్దని ఒకటికి రెండుసార్లు చెప్పినాడు. నువ్వు ముడి విప్పి చల్లతా ఉంటే సూస్తా నిలబడినా."

మా అత్త ఆ కాలు మీద వేసిన చెయ్యి తీసేసింది. 

"మరి నోరెత్తి చెప్పలేదేమే?"

"ఎట్ల చెప్తానక్కా. గంప ఎత్తుకోని పోయి పూడ్చినానని అప్పుడే చెప్తివి. నా కోసరం అమ్మనే ఎత్తుకోని పోయినదానివి. నిన్ను ఆడనే నిలబడు, నా వాకిట్లోకి రావద్దని ఈ నోటితో నేనెట్ల అంటాను?"

ఇదంతా విని నాకు ముందు కోపమొచ్చింది. ఇద్దరి మీదా. ఈ అక్కాచెల్లెళ్ళు ఒకరినొకరు నొప్పించకూడదని చూసుకుని చూసుకుని ఇక్కడిదాకా వచ్చారు. ఆ కోపం వెనకే దుఃఖం వచ్చింది. ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళు తప్ప ఇంత పిచ్చిపని ఇంకెవరు చేస్తారు?

దూరంగా బస్సు వస్తున్న మోత వినిపించింది. నేను పెట్టె కోసం దగ్గరికి పోయాను. మా అత్త లేచి చెల్లెలి రెండు భుజాలూ పట్టుకుంది. కొడుతుందేమో అనుకున్నాను. ఆమె కళ్ళు అలా ఉన్నాయి.

"అనాల్సింది గదే" అంది. "ఒక్క మాట అనుంటే ఏమవుతా ఉన్నింది? రోషం వచ్చి ఒక ఏడాది నీతో మాట్లాడకుండా ఉందును. అంతే గదే."

బస్సు ఆగింది. చిన్నత్తను నేను చంక కింద పట్టుకుని ఎక్కించాను. పెట్టె లోపలికి తోశాను. కండక్టరు ఈల ఊదాడు.